కుడి కాలి బొటనవేలు

“గోరు తీసుకున్నావా? కిందటేడు నా పాదం గీరుకుపోయింది,” అన్నారు మావారు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

తీసుకుంటూనే ఉన్నాను. వంటింటి గడప మీద కూర్చుని, కుడి కాలు పైకి పెట్టుకుని, బొటనవేలి గోరు మొదలంటా కత్తిరించుకుంటున్నాను. ఏటా సంగీతోత్సవానికి వారం ముందు నేను చేసే మొదటి పని ఇదే. పెళ్ళాం తిన్నదో లేదో పట్టదు గానీ, పెళ్ళాం కాలి గోరు గురించి ఇంత శ్రద్ధ ఉన్న మొగుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు.

మావారు పియానోలు శ్రుతి చేస్తారు. చేస్తారని అందరూ అనుకుంటారు. పదమూడేళ్ళ క్రితం ఒక జ్వరం వచ్చి, తగ్గుతూ తగ్గుతూ ఆయన చెవుల్ని పట్టుకుపోయింది. ఎదురుగా కూర్చుని పెదవులు కదిలిస్తే మాట అర్థమవుతుంది. తీగ మాత్రం అర్థం కాదు, దానికి పెదవులు లేవు కదా. అప్పటికి పద్నాలుగేళ్ళుగా నేను ఆయన వెంట సంచీ మోస్తున్నాను, ఆయన తీగ బిగిస్తుంటే పక్కన కూర్చుని పియానో మెట్టు నొక్కుతున్నాను. వేలసార్లు వింటే రాయికైనా వస్తుంది, నాకూ వచ్చింది. “ఈ ఒక్క ఏడూ గడిపెయ్యవే, తర్వాత చూద్దాం,” అని నా రెండు చేతులూ పట్టుకున్నారు ఆయన. ఆ చేతుల్లో వణుకు చూసి సరేనన్నాను. ఆ ఒక్క ఏడు పదమూడేళ్ళయింది.

హాల్లో ఎవరూ లేకపోతే తీగలు బిగించే పానా నేనే పట్టుకుంటాను, ఆయన తలుపు దగ్గర కాపలా. ఎవరైనా ఉంటే పానా ఆయన చేతిలో, మెట్టు మీద నా వేలు, బల్ల కింద ఆయన ఎడమ పాదం మీద నా కుడి కాలి బొటనవేలు. ఒకసారి నొక్కితే బిగించమని. రెండుసార్లు నొక్కితే వదులు చెయ్యమని. నొక్కి అలాగే పట్టుకుంటే ఆగమని. రెండు వందల పైచిలుకు తీగలు, మూడు రోజులు. నడుము పడిపోయేది, పిక్కలు పట్టేసేవి. ఇంటికొచ్చాక వంట ఎటూ ఉండేది. “మావాడి చెవిలో దేవుడు కూర్చున్నాడు,” అనేది మా అత్తగారు నేను వడ్డించిన అన్నం కలుపుకుంటూ. కూర్చుంటే కూర్చున్నాడు గానీ, కాస్త లేచి గిన్నెలు కడిగితే బాగుండేదని నాకనిపించేది.

ఏడేళ్ళ క్రితం దూరం నుంచి వచ్చిన ఒక పెద్ద విద్వాంసుడు వాయించడం అయ్యాక వేదిక మీద నిలబడి, ఈ పియానో శ్రుతి చేసినాయన ఎవరని అడిగి, మావారిని పైకి పిలిపించి కౌగలించుకున్నాడు. “ఇన్నేళ్ళలో ఇలాంటి చెవి చూడలేదు,” అన్నాడు. హాలంతా చప్పట్లు. నేను వెనక తలుపు దగ్గర సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంటికొచ్చాకైనా ఒక మాట అంటారని చూశాను. చొక్కా విప్పుతూ అన్నారు. “ఎంత పెద్దమనిషే ఆయన! నాకే సిగ్గేసిందనుకో. ఆకలేస్తోంది, పెట్టు.” ఆ రోజు వంటింట్లో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. కొళాయి తిప్పడం ఎందుకో నాకే తెలీదు. ఆయనకు ఎటూ వినబడదు.

ఈ ఏడు ఉత్సవానికి నలభై ఏళ్ళు. కార్యదర్శిగారు చరిత్ర రాస్తున్నారు, శనివారం అచ్చుకు వెళ్తుంది. మూతపడ్డ గోదాములో ముగ్గురు పాటగాళ్ళతో మొదలైన సంగతి, మూడో ఏడు కప్పు కారితే జనం గొడుగులు వేసుకుని విన్న సంగతి, మూసేసిన హోటలు వాళ్ళు వదిలించుకున్న పియానోను బండి మీద తెచ్చిన సంగతి, అన్నీ ఉన్నాయట. మావారి మీద ఒక అధ్యాయమే ఉంది. దాని పేరు ‘ఉత్సవానికి చెవి’.

అదే నా ప్రాణం మీదికొచ్చింది. సంగీత పాఠశాలలో పదకొండు పియానోలున్నాయి. వాటిని చూసుకోవడానికి మనిషి కావాలంటే ధైర్యం చేసి వెళ్ళాను. ప్రిన్సిపాల్ మేడం మంచావిడే. “నోటిమాట చాలదమ్మా. పరీక్ష పెట్టాలన్నా ముందు ఒక కాగితం చూపించాలి. ఉత్సవం చరిత్ర వస్తోందిగా, అందులో మీరు శ్రుతి చేశారని ఒక్క లైను ఉంటే చాలు. సోమవారం ఆఖరు,” అంది. యాభై ఒకటి నిండాయి నాకు. ఇంకోసారి ఎవరూ అడగరు. నా పేరు మీద నాకంటూ ఒక పని, ఒక బల్ల, కాళ్ళు రెండూ నేల మీద ఆనించుకుని కూర్చునే ఒక కుర్చీ. నాలుగు రోజులుగా నిద్ర లేదు, ముద్ద దిగడం లేదు.

“ఒక్క లైనండీ,” అన్నాను గోరు తీయడం అయ్యాక, పేపరుకూ ఆయనకూ మధ్య మొహం పెట్టి. “ఇద్దరం కలిసి చేశామని చెప్పండి. మీకు వినబడదని చెప్పక్కర్లేదు.”

“మళ్ళీ మొదలెట్టావా? ఇద్దరెందుకని అడగరూ? మొగుడి చెవుడు ఊరంతా చాటించి ఉద్యోగం తెచ్చుకుంటావా?”

“నేను చాటించడం లేదు. బతిమాలుకుంటున్నాను.”

“నువ్వు లేకపోతే నేను లేనని నాకు తెలీదటే? ఇంట్లో చెప్తూనే ఉన్నాగా!”

ఇంట్లో ఎప్పుడు చెప్పారో నాకు గుర్తు లేదు. మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరే ఆడవాళ్ళుంటారని వింటాం. ఈయన చెవిలో కట్టుకుంటే ఆ ఇంటికి తలుపులూ కిటికీలూ ఉండవు. సంచీ సర్దాను, పానా, తీగల మధ్య దోపే ఉన్ని ముక్కలు, తుడిచే గుడ్డ. తిట్టుకుంటూ సర్దినా అన్నీ వాటి చోట్లలోనే పెట్టాను.

హాల్లో కార్యదర్శిగారు, ఫొటోగ్రాఫరు, కమిటీ వాళ్ళు నలుగురు ఉన్నారు. పుస్తకంలోకి మావారు తీగ బిగిస్తున్న ఫొటో కావాలట. చెప్పులు విడిచి ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. కార్యదర్శిగారు మాకెదురుగా నిలబడి అధ్యాయం చదివి వినిపించారు. “పాదరక్షలు విడిచి గానీ ఆయన పియానో ముట్టరు. సంగీతమంటే అంతటి భక్తి. నీడలా వెంట ఉండి, సంచీ మోసి, తీగలు తుడిచే ఇల్లాలు ఆయనకు దొరికిన వరం.”

ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేను.

“అన్నయ్యగారూ, అందులో ఒక్క మాట కలుపుతారా? నేను కూడా శ్రుతి చేస్తానని.”

“మీరు శ్రుతి చేసేది మావాణ్ణి కదా చెల్లెమ్మా!” అన్నారాయన. అందరూ పగలబడి నవ్వారు. మావారు ఆయన పెదవుల కేసి చూశారు, మాట అర్థం చేసుకున్నారు, తనూ నవ్వారు. ఆ నవ్వు చాలాసేపు నవ్వారు. నలుగురి మధ్యా చెంప పగలగొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

“కానివ్వండి, నిజంగానే బిగించండి,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

మెట్టు నొక్కాను. తీగ శ్రుతి కాస్త కిందికి దిగి ఉంది. అలవాటు చొప్పున బొటనవేలితో ఒకసారి నొక్కాను. ఆయన కెమెరా వైపు మొహం పెట్టి పానా తిప్పడం మొదలెట్టారు. శ్రుతి పైకి వచ్చింది, వచ్చింది, సరైన చోటికి వచ్చి కలిసింది. ఇక్కడే నేను నొక్కి పట్టుకోవాలి.

కాలు వెనక్కి తీసేసుకున్నాను.

మెట్టు మాత్రం నొక్కుతూనే ఉన్నాను. ఆయన తిప్పుతూనే ఉన్నారు, చిరునవ్వుతో. తీగ పైపైకి పోయి కీచుమంటోంది. కమిటీలో ఒకాయన చెవి మూసుకున్నాడు. “ఏమండోయ్, ఎక్కువైపోతోంది!” అన్నారు కార్యదర్శిగారు. ఆయన మావారి వెనక్కి వచ్చి నిలబడి ఉన్నారు, పెదవులు కనబడవు. మావారు ఆగలేదు. మళ్ళీ అరిచారు కార్యదర్శిగారు. మావారు ఆగలేదు. హాల్లో నవ్వులన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అప్పుడు మావారు అందరి మొహాలూ చూశారు, తర్వాత నన్ను చూశారు. బల్ల కింద ఆయన పాదం నా పాదం కోసం అటూ ఇటూ తడుముకుంది, చీకట్లో చెప్పుల కోసం వెతుకుతున్నట్టు. నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏడేళ్ళు కాపురం చేసిన మనిషి, నా చేతులు పట్టుకుని వణికిన మనిషి. ఒక్కసారి కాలు ముందుకు జరిపితే చాలు, తీగ పాతదైపోయిందనేసి నవ్వేసుకుని అందరం ఇంటికి పోవచ్చు. రేపు పుస్తకం అచ్చుకు పోతుంది, సోమవారం వస్తుంది, పోతుంది, వచ్చే ఏడు మళ్ళీ గడప మీద కూర్చుని గోరు తీసుకుంటాను.

పాదంతో తడిమి నా చెప్పులు వెతుక్కున్నాను. రెండు కాళ్ళకూ తొడుక్కుని లేచి, ఆయన చేతిలోంచి పానా తీసుకున్నాను. ఆయన వదల్లేదు, గట్టిగా లాగాల్సి వచ్చింది.

“అన్నయ్యగారూ, ఆయన్ని కొంచెం పక్కకి జరగమనండి, తీగ సరిచెయ్యాలి,” అన్నాను. “ఎదురుగా వచ్చి చెప్పండి. వినబడదు.”