పెన్సిలుతో రాసిన ఏడు

బోరింగు పిడిని నాలుగోసారి కొట్టేసరికి దుర్గాభవాని అరచెయ్యి చురుక్కుమంది. మే నెల మధ్యాహ్నం, ఇనుము మీద చెయ్యి నిలిచే వేళ కాదు. వెనక ఇరవై ఏడు మంది సైన్సు టీచర్లు గోడ నీడలో చోటు కోసం ఒకరినొకరు జరుపుకుంటున్నారు. ఇద్దరు బ్యానరు పట్టుకుని ఎండలోనే నిలబడ్డారు. 'సైన్సు ఉపాధ్యాయుల వృత్త్యంతర శిక్షణ, క్షేత్ర పర్యటన, 2007' అని దాని మీద ఉంది. దానికింద, అంతకంటే పెద్ద అక్షరాల్లో, టీచర్లకు బ్యాగులూ ప్యాడులూ భోజనాలూ సమకూర్చిన మందుల కంపెనీ పేరుంది. వాళ్లు నీడ వెతుక్కుంటున్న గోడ ఆ కంపెనీదే.

శిక్షణ అయిదు రోజులు. నాలుగు రోజులు ఉప్పల్లో ఒక హాల్లో కూర్చుని ఉపన్యాసాలు విన్నారు. అయిదో రోజు నాచారం పారిశ్రామికవాడ వెనక బస్తీకి వచ్చి నీటి నాణ్యత పరిశీలించాలి. దానికి కేటాయించినది గంట. ఆ గంటలో చేయవలసిన పని కూడా బస్సులోనే పూర్తయింది. శిక్షకుడు విశ్వనాథం పరిశీలన పత్రాలు పంచి, రంగు, వాసన, ఉష్ణోగ్రత, పీహెచ్ ఒక్కొక్కటీ చదివి చెప్పాడు. పులుపు కొలిచే పీహెచ్ దగ్గర, మంచినీటి అంకె ఏడు అన్నాడు. అందరూ పెన్సిలుతో ఏడు వేశారు. సాయంత్రం ఆయన చూసి సరేనన్నాక దాని మీద ఇంకు పెట్టాలి.

ఇందులో ఎవరికీ వింత తోచలేదు. సైన్సు చదివిన ప్రతివారూ అలాగే చదివారు. రికార్డులో ఫలితం ముందు వస్తుంది, దానికి సరిపడే రీడింగులు తరవాత వస్తాయి. చదువు చెప్పేటప్పుడూ పిల్లల చేత అలాగే రాయిస్తారు.

"కానివ్వండమ్మా. ఫొటో అయిపోతే బస్సెక్కేద్దాం. బిర్యానీ చల్లారిపోతుంది," అన్నాడు విశ్వనాథం.

భవాని గ్లాసులో పట్టిన నీళ్లలో పీహెచ్ కాగితం ముంచింది. కాగితం నారింజ రంగుకు తిరిగింది. రంగుల పట్టీ పక్కన పెట్టి చూసింది. నాలుగు. గ్లాసును ఆ నీళ్లతోనే తొలిచి, కొత్త కాగితం తీసింది. నాలుగు. మూడోసారీ నాలుగే.

బిందె పట్టుకుని వంతు కోసం నిలబడిన ముసలామె ఇదంతా చూస్తోంది. ఆమె ఇత్తడి బిందె లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది.

"బిడ్డా, పోయినేడు గూడ గిట్లనే వచ్చిన్రు. కాయిదం ముంచిన్రు, ఫొటో దిగిన్రు, పోయిన్రు. గా కాయిదం ఏం జెప్పిందో ఒక్కలన్న జెప్పిన్రా?"

"ఉండమ్మా, సూసి చెప్త. నిన్ను యాడనో సూసిన."

"యాడనో ఏంది? మీ బళ్లెకే వస్తి గద, మా మనుమరాలు రాణి ఫీజు కట్టనీకి. వెంకటనర్సమ్మ అంటరు నన్ను."

రాణి పేరు వినగానే భవాని చేతిలోని కాగితం బరువెక్కింది.

ఫిబ్రవరిలో తొమ్మిదో తరగతి ప్రాక్టికల్సు. ఇంటి నుంచి నీళ్లు తెచ్చి పరీక్షించమంటే రాణి ఒక సీసాలో తెచ్చింది. నాలుగు వచ్చిందని రాసింది. "నిమ్మకాయ నీళ్లు తాగిన సీసా అయ్యుంటది, మంచిగ కడగలే నువ్వు," అంది భవాని. "మా ఇంట్ల నిమ్మకాయలు యాడియి మేడం?" అంది రాణి. క్లాసంతా నవ్వింది. భవానీ నవ్వింది. తరవాత తన రబ్బరుతోనే నాలుగు చెరిపి, ఏడు వేసి, పదికి పది మార్కులు ఇచ్చింది. పిల్ల ఆ మార్కుల వైపు చూడలేదు. చెరిపిన చోట కాగితం పలచబడితే అక్కడే వేలు పెట్టి చూసుకుంది.

అది జరిగి మూడు నెలలయింది. ఆ మూడు నెలలూ ఆ ఇంట్లో ఈ నీళ్లే తాగారు.

"సార్, నాలుగు వచ్చింది," అంది భవాని.

"స్ట్రిప్పులు పాతవి. ఏడే ఉంచండి."

భవాని తన బ్యాగులోంచి సీసా తీసింది. పొద్దున ఉప్పల్లో హాలు కుళాయి దగ్గర పట్టుకున్న, ఊరికి గొట్టాల్లో వచ్చే మంజీరా నీళ్లు. మూతలో కొంచెం పోసి, అదే కట్టలోంచి ఇంకో కాగితం చింపి ముంచింది. కాగితం ఆకుపచ్చగా మారింది. పట్టీలో అది ఏడు. దాన్ని విశ్వనాథం ముందు పెట్టింది.

ఆయన ఆ కాగితం వైపూ, బ్యానరు వైపూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు తెలియక కాదు, భవానిగారూ. నేనూ ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణే. ఇవి జిల్లా ఆఫీసుకి వెళ్తాయి. ఇరవై ఏడింట్లో ఏడు ఉండి ఒక్కదాంట్లో నాలుగుంటే, ఆ ఒక్కటే తప్పంటారు. మీకెందుకు చెప్పండి?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇరవై ఏడు మందికి ఏడు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఆయన చెప్పలేదు.

భవాని ముసలామె వైపు తిరిగింది. "అమ్మా, నీళ్లు మంచిగ లేవు. పులుపెక్కినయి. ఏం గలిసిందో గీ కాయిదం జెప్పదు. తాగుడు మాత్రం వద్దు."

"మరి ఏం తాగాలె? ట్యాంకరు నాలుగొద్దులకు ఒకపారి వస్తది. ఇంటికి రెండు బిందెలు. అయి వంటకే సాలవు."

"నాకు తెల్వదమ్మా," అంది భవాని.

వెంకటనర్సమ్మ కోపగించుకోలేదు. "తెల్వదని జెప్పినోళ్లు గూడ నువ్వే మొదలు. సరే గని, గా ముచ్చట కాయిదం మీద రాయి. మేం జెప్తె మా మొఖాలు సూస్తరు. కాయిదం జెప్తె ఇంటరు."

"రాస్త."

"ఉత్తగనే అంటున్నవా?"

"రాస్తనమ్మా."

ముసలామె బిందె ఖాళీగానే ఎత్తుకుని రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి పిడి కొట్టి నింపుకుంది.

*

ఉప్పల్లో భోజనాలయ్యాయి. ఫ్యాన్ల కింద అందరూ పెన్నులు తీశారు. ఏడు మీద ఏడు దిద్దడం మొదలయింది.

"రబ్బరు కంపెనీదే, పెన్సిలు కంపెనీదే, బిర్యానీ కంపెనీదే," అంది పక్కన కూర్చున్న అనంతలక్ష్మి, పీర్జాదిగూడలో బడి ఆమెది. "ఆ ఏడు కూడా వాళ్లదే అనుకో. ఇంకు పెట్టెయ్యి తల్లీ. సర్టిఫికెట్ చేతికొస్తే ఇంటికెళ్లిపోదాం."

ఆ సర్టిఫికెట్టు కోసమే బడి నడిపే కరస్పాండెంటు ఉమామహేశ్వర్ భవానిని పంపాడు. శిక్షణ పొందిన సైన్సు టీచరు ఉంటేనే బడికి గుర్తింపు కొనసాగుతుంది. భవానికి నెలకు నాలుగువేల రెండు వందలు, అదీ ఏడాదికి పది నెలలే. ప్రతి జూన్‌లోనూ మళ్లీ రావాలో వద్దో ఆయనే చెబుతాడు.

భవాని సెల్‌ఫోన్ మోగింది. విశ్వనాథం కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరు ఎవరికి చెప్పారో ఆమెకు అర్థమయింది.

"ఏంది మేడం, నీళ్ల పంచాయితీ పెట్టిన్రట?" అన్నాడు ఉమామహేశ్వర్. గొంతులో కోపం లేదు. "జూన్ల గా కంపెనీవాళ్లు మన బళ్లె ల్యాబ్ కట్టిస్తున్నరు. అద్దాల బీరువాలు, మైక్రోస్కోపులు, మస్తుగ. మీరే గద అయిదేండ్ల సంది అడుగుతున్నరు."

"అడిగిన సార్."

"మరి జర ఆలోచించుకోన్రి. జూన్ల మీరు రావాల్నా వద్దా, మీ చేతులనే ఉన్నది."

"సార్, ఒకటి అడుగుత. గా ల్యాబ్ల పిల్లలతోని ఏం రాయించాలె?"

ఉమామహేశ్వర్ ఫోను పెట్టేశాడు.

భవాని ఏడును చెరిపింది. పెన్ను తీసి నాలుగు వేసింది. ఎన్నిసార్లు చూసిందీ, ఏ సమయానికి చూసిందీ, ఉప్పల్ కుళాయి నీళ్లలో అదే కట్టలోని కాగితం ఏ రంగు ఇచ్చిందీ వరసగా రాసింది. చివర 'ఇతర విషయాలు' అనే గడి ఉంది. అందరి పత్రాల్లోనూ అది ఖాళీయే. ఆమె అందులో ఇలా రాసింది: 'ఈ బోరింగు నీటినే గత ఫిబ్రవరిలో మా తొమ్మిదో తరగతి విద్యార్థిని రాణి పరీక్షించి ఇదే ఫలితం రాసింది. దాన్ని చెరిపినది నేను.' కింద సంతకం చేసింది.

విశ్వనాథం వచ్చి పత్రం తీసుకుని చివరిదాకా చదివాడు. తన ఫైలులోంచి కొత్త పత్రం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇంకు కదా, రబ్బరుకి పోదు. ఇందులో రాసివ్వండమ్మా. సర్టిఫికెట్లు సంతకానికి వెళ్లాలి."

"వద్దు సార్. అదే పంపియ్యున్రి."

"పంపితే మీ సర్టిఫికెట్టు ఆగుతుంది."

"ఆగనియ్యున్రి."

కొత్త పత్రం ఫ్యాను గాలికి బల్ల మీంచి లేచి కింద పడింది. ఆమె వంగలేదు. ఆయనా వంగలేదు. పక్క బల్ల దగ్గరికి జరిగాడు. అనంతలక్ష్మి పత్రంలో ఏడు ఇంకా పెన్సిలుతోనే ఉంది.

"మీరింకా ఇంకు పెట్టలేదేమమ్మా?"

"పెన్ను రాయడం లేదండీ," అంది అనంతలక్ష్మి.

అయిదు నిమిషాల కిందట ఆ పెన్నుతోనే ఆమె హాజరు పట్టీలో సంతకం చేసింది.