ఆకాశం చూసొచ్చిన నిమ్మకాయలు

మా ఇంట్లో కోడిగుడ్డు మాటెత్తితే చాలు, అత్తయ్యగారు ముఖం చిట్లించి లేచి వెళ్ళిపోతారు. అలాంటి ఇంటికి బడి నుంచి మెసేజ్ వచ్చింది, ప్రతి టీమూ నీళ్ళ రాకెట్‌లో ఒక పచ్చి కోడిగుడ్డును పైకి పంపి, పగలకుండా కిందికి దించాలని. ఆ రోజు మొదలైంది నా ఖర్మ.

భావన మా అమ్మాయి. ఏడో తరగతి. పోయిన ఏడాది ఇదే పోటీలో దాని రాకెట్ పైకి బాగానే లేచింది గానీ పారాచూట్ విచ్చుకోలేదు. తలకిందులుగా వచ్చి అందరి ముందూ నేలను గుద్దుకుని అప్పడంలా అణిగిపోయింది. ఆ పూట ఎవడో ఒకడు 'క్రాష్ భావన' అన్నాడు. తర్వాత అందరూ అందుకున్నారు. ఈ ఏడాది కొత్తగా చేరిన పిల్లలైతే దాని అసలు పేరే అదనుకునేంత వరకూ వచ్చింది.

"అమ్మా, ఈసారి కూడా అలాగే పడితే నేను సైన్స్ క్లబ్ మానేస్తాను" అంది భావన. ఏడుస్తూ చెప్పుంటే దగ్గరికి తీసుకుని ఊరుకోబెట్టేదాన్ని. పెరుగన్నం కలుపుకుంటూ, మామూలుగా చెప్పింది. అందుకే అన్నంత పనీ చేస్తుందని అర్థమైంది.

సరే, పిల్ల తన తంటాలు తను పడుతుందిలే అనుకున్నాను. మా ఆయన పడనిస్తేగా!

మా ఆయన నగేష్ పెద్ద పెద్ద భవనాలకు ఏసీలు డిజైన్ చేసే కంపెనీలో ఇంజినీరు. ఆఫీసులో ఆయన గీసిన డ్రాయింగులు నెలల తరబడి అప్రూవ్ కావట. ఆ కసంతా తెచ్చి నా డైనింగ్ టేబుల్ మీద కుమ్మరించారు.

నీళ్ళ రాకెట్ అంటే మరేం కాదు, కూల్‌డ్రింకు సీసా. అందులో కొంత నీళ్ళు పోసి, తలకిందులుగా నిలబెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టి వదిలితే నీళ్ళు చిమ్ముకుంటూ రివ్వున పైకి పోతుంది. పంపడం ఎవరైనా పంపుతారు. తంటా అంతా దింపడంలోనే ఉంది. పైకి పోయి ఆగి, కిందికి తిరిగే సమయానికి సీసా నెత్తిన అతికించిన అరకున్న చిన్న తలుపు తెరుచుకోవాలి. అందులోంచి చెత్త సంచీ కత్తిరించి చేసిన పారాచూట్ బయటికి రావాలి. ముందే వస్తే చిరిగిపోతుంది. ఆలస్యంగా వస్తే వచ్చీ లాభం లేదు.

దీనికి భావన ఒక ఉపాయం ఆలోచించుకుంది. కీ ఇచ్చి వదిలితే గెంతే బొమ్మ కప్ప ఒకటి తెచ్చి, లోపలి మర బయటికి తీసింది.

"రాకెట్ లేవగానే ఈ కీ తిరగడం మొదలవుతుంది. తిరుగుతున్నంతసేపూ తలుపు మీది రబ్బరు బ్యాండును పట్టుకుంటుంది నాన్నా. కీ అయిపోగానే వదిలేస్తుంది. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది" అని వివరించింది.

"బొమ్మలతో రాకెట్లేంటి తల్లీ! నువ్వు జరుగు, నాన్న చేసి చూపిస్తాడు" అన్నారు మా ఆయన.

పిల్ల జరిగింది. అప్పట్నుంచీ అది జరిగే ఉంది. ఆయన మాత్రం ఎత్తు కొలిచే సెన్సరట, చిన్న బ్యాటరీ అట, తలుపు తీసే మోటారట, వేలెడంత బోర్డు అట, పార్సిళ్ళ మీద పార్సిళ్ళు తెప్పించారు. గుడ్డు కదలకుండా పై అరలో స్పాంజి అమర్చారు. బల్ల మీద సోల్డరింగుతో నల్లటి మచ్చ పెట్టారు. సీసాలు ఖాళీ చేయడానికి కూల్‌డ్రింకులు సింకులో పారబోశారు. మేము గోడ పక్క చాప వేసుకుని అన్నాలు తిన్నాం. అడిగితే, "ఇది పిల్ల భవిష్యత్తు ప్రతిమా" అంటారు. పిల్లేమో ఆ మూల కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది!

ఇక గుడ్డు సంగతి. చలికాలం నాలుగు రోజులు మా దగ్గర ఉందామని అత్తయ్యగారు ఇందిరాదేవి తెనాలి నుంచి వచ్చారు. గుడ్లమ్మే కొట్లో ఉప్పు ప్యాకెట్టు కొనడానికి కూడా ఇష్టపడని మనిషి. మరి దోహాలో గుడ్లమ్మని కొట్టు ఎక్కడ దొరుకుతుంది? అందుకని నేను కొట్టు పేరు చెప్పకుండా సరుకులు తెచ్చేదాన్ని.

"అమ్మ ఉండగా గుడ్డెందుకు, ఇక్కడి పెద్ద నిమ్మకాయతో ప్రాక్టీసు చేద్దాం. సైజు అదే, బరువూ దగ్గర దగ్గర అంతే" అన్నారు మా ఆయన.

"నిమ్మకాయ పగలదుగా నాన్నా" అంది భావన.

వినిపించుకుంటేగా!

మేముండేది ఐన్ ఖాలిద్‌లో. కాంపౌండు వెనక ఖాళీ జాగా ఉంది. శుక్రవారం వచ్చిందంటే పొద్దున్నే పంపు, సీసాలు, నిమ్మకాయల సంచీ మోసుకుని ఊరేగింపుగా బయల్దేరేవాళ్ళం. మొదటి వారం గాలి కొడుతుండగానే తలుపు తెరుచుకుని పారాచూట్ నా ముఖాన పడింది. రెండో వారం అసలు తెరుచుకోలేదు. రాకెట్ వెళ్ళి పక్క విల్లా గేటు ముందు, ల్యాండ్ క్రూజర్‌కు జానెడు దూరంలో పడింది. ఆ బండి డ్రైవర్ ఖాసీంది రాయచోటి. చేతిలో తుడిచే గుడ్డతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏందక్కా ఇది! బండి మింద పడింటే నా డ్యూటీ మాఫీ, పని పోయినట్టే! మా అరబ్బాయన నన్ను రేపే ఇంటికి పంపించేస్తాడు. మీ సారుకు ఇంకేం పని లేదా?"

"అదే నేనూ అడుగుతున్నా ఖాసీం" అన్నాను.

"గాలి. ఈ ఉత్తరం గాలి వల్లే వచ్చింది. సిస్టమ్ బాగానే ఉంది" అన్నారు మా ఆయన.

ఆయనకు ఏం జరిగినా గాలిదే తప్పు. పాపం, గాలి వచ్చి కాదని చెప్పదు కదా.

చివరికి ఒక శుక్రవారం పారాచూట్ విచ్చుకుంది. చాలా కిందికొచ్చాక విచ్చుకుందని నాకే తెలుస్తోంది. అయినా నిమ్మకాయ చెక్కు చెదరలేదు. మళ్ళీ పంపారు, మళ్ళీ అంతే. మా ఆయన కాయను పైకెత్తి పట్టుకుని ప్రపంచాన్ని జయించినట్టు నవ్వారు. అత్తయ్యగారు ఆ సాయంత్రమే తెనాలికి ఫోన్ చేసి, "మా నగేషు రాకెట్లు వదులుతున్నాడు" అని చెప్పారు. "అయ్యో, ఏసీల ఉద్యోగం పోయిందా?" అని అడిగారట అవతలివాళ్ళు.

పోటీ శనివారం. గురువారం సాయంత్రం అత్తయ్యగారు పులిహోర కలుపుతున్నారు. ఇక్కడి పసుపుపచ్చ నిమ్మకాయలకు తొక్క మందం. గట్టు మీద పెట్టి, అరచేత్తో బలమంతా వేసి అటూ ఇటూ దొర్లిస్తే గానీ రసం దిగదు. వచ్చినప్పట్నుంచీ ఆవిడ సణుగుడంతా దాని మీదే. ఆ రోజు మాత్రం తెగ మురిసిపోతున్నారు.

"ఏమే ప్రతిమా, ఈ కాయలు ఎక్కడ కొన్నావే? కత్తి పెడితే చాలు కారిపోతున్నాయి. దొర్లించే పనే లేదు. ఇక మీదట ఆ కొట్లోనే తీసుకో."

బుట్టలోకి చూశాను. అవి రాకెట్‌లో ఆకాశం చూసొచ్చిన నిమ్మకాయలు. పారేయడం ఎందుకని నేనే తెచ్చి పడేశాను. ఒకటి తీసి నొక్కి చూశాను. ముద్దలా ఉంది. పక్కనే కొత్త కాయ ఉంటే అదీ నొక్కాను. రాయి.

అరచేత్తో నా బలమంతా పెడితే వచ్చే మెత్తదనం అది. పారాచూట్‌తో మెల్లగా దిగిన కాయకు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ మహానుభావుడి రాకెట్ ప్రతిసారీ నేలను గట్టిగా గుద్దుకుంటోంది. నిమ్మకాయ కాబట్టి తొక్క బిగించుకుని ఊరుకుంది. దాన్ని విజయం అనుకుని మేము పులిహోర చేసుకు తింటున్నాం!

కాయ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. "నొక్కండి" అన్నాను.

నొక్కారు. అటూ ఇటూ తిప్పి చూశారు. "తొక్క బాగానే ఉంది కదా" అన్నారు.

"గుడ్డుకు తొక్క ఉండదండీ! పెంకుంటుంది!"

"నేను మొదటిరోజే చెప్పాను" అంది భావన, తల ఎత్తకుండా.

ఆయన గొంతు తగ్గించి, "రేపు గుడ్డుతో ఒకసారి చూద్దాం, అమ్మకు తెలియనివ్వకు" అన్నారు. వంటింట్లోంచి వెంటనే జవాబు వచ్చింది.

"ఒరేయ్ నగేషూ, నాకు మసక కళ్ళకేరా, చెవులకు కాదు. గుడ్డు గడప దాటి లోపలికి రాకూడదు. బయట ఎన్ని పగలగొట్టుకుంటారో మీ ఇష్టం."

శుక్రవారం పొద్దున గుడ్ల అట్టను కారులోనే ఉంచి ఖాళీ జాగాకు వెళ్ళాం. రాకెట్ లేచింది. వస్తోంది, వస్తోంది, ఇంకా వస్తోంది. మనిషెత్తులో ఉండగా పారాచూట్ విచ్చుకుంది. టప్. పై అర విప్పి చూస్తే లోపలంతా సొన. ఆయన బోర్డు, బ్యాటరీ, సెన్సరు అన్నీ అందులో ఈదుతున్నాయి. మోటారు ఒకసారి గుర్రుమని ప్రాణం వదిలింది.

"గాలి..." అన్నారు మా ఆయన.

"ఇంకొక్కసారి గాలి అన్నారంటే ఆ సీసాలో మిమ్మల్నే కూర్చోబెట్టి పంపుతాను!" అని అరిచాను. పక్క విల్లా ముందు ఖాసీం బండి తుడవడం ఆపేశాడు. "రేపే పోటీ. ఏడాదిగా పిల్లను క్లాసులో ఏమని పిలుస్తున్నారో తెలుసా మీకు? మీ సెన్సర్లు కాదు, దాని మొహం ఒక్కసారి చూశారా?"

ఆయన చూశారు. నిజంగా అప్పుడే చూసినట్టున్నారు. భావన ఏడవడం లేదు. సొన అంటిన పారాచూట్‌ను సీసా నీళ్ళతో కడుగుతోంది. ఆయన నేల మీద చతికిలబడి, "ఆ కప్ప ఇంకా ఉందా తల్లీ?" అని అడిగారు.

భావన జేబులోంచి తీసింది.

ఆ రోజు ఆయన పని పంపు కొట్టడం. అంతే, నోరు మెదపకూడదని నేనే షరతు పెట్టాను. మొదటిసారి కప్ప తొందరపడి పారాచూట్ చిరిగింది. కీ ఒక చుట్టు పెంచితే ఆలస్యమైంది. అర చుట్టు తగ్గించింది భావన. ఎండ నెత్తి మీదికొచ్చే వేళకు, సరిగ్గా రాకెట్ పైకెళ్ళి ఆగిన చోట నల్లటి చెత్త సంచీ గొడుగులా విచ్చుకుంది. గుడ్డు బతికింది. మళ్ళీ పంపితే, మెల్లగానే దిగి, గాలికి నేల మీద ఈడ్చుకుపోయి రాయికి తగిలి పగిలింది. ఈసారి గాలి మాట అక్షరాలా నిజం. పాపం, ఆయన నా వైపు చూసి నోరు మూసుకున్నారు.

శనివారం అత్తయ్యగారు తామూ వస్తామన్నారు. "నాకు గుడ్లూ గిడ్లూ చూపించకండి, దూరంగా కూర్చుంటాను" అని మడత కుర్చీ వెంట తెచ్చుకుని, బడి గ్రౌండు చివర గోడ నీడలో కూర్చున్నారు. మా మాటలు ఎప్పుడు విన్నారో గానీ, కారులో వస్తూ మనవరాలిని ఒకే మాట అడిగారు. "ఆ క్రాష్ అంటే ఏమిటే?" భావన కిటికీలోంచి బయటికి చూస్తూ, "పగిలిపోవడం నానమ్మా" అంది.

సైన్స్ క్లబ్ చూసే నూరైన్ టీచర్ నిబంధన చెప్పారు. రాకెట్ నేలను తాకాక ఎవరైనా సరే గుడ్డును తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాలి. చిన్న బీట ఉన్నా లెక్కలోకి రాదు.

మా వంతు వచ్చింది. భావన కప్పకు కీ ఇస్తుంటే వెనక నుంచి మొదలుపెట్టారు, "క్రాష్! క్రాష్!" అని. నవ్వుతూనే అంటున్నారు, చప్పట్లు కూడా కొడుతున్నారు. వెళ్ళి నాలుగు అంటించాలనిపించింది. భావన రాకెట్‌ను వదిలే తాడు లాగింది.

రాకెట్ లేచింది. ఆగింది. నా ఊపిరీ ఆగింది. విచ్చుకుంది! అంత ఎత్తులో, అంత పెద్దగా ఎన్నడూ విచ్చుకోలేదు. అరుపులు ఆగిపోయాయి. అంతలో గాలి లేచింది. పారాచూట్ మా తల మీదుగా వెళ్ళి గ్రౌండు చివర దిగింది. దిగి ఆగలేదు. గాలి నింపుకుని సీసాను బరబరా సిమెంటు గట్టు వైపు ఈడ్చుకుపోతోంది. పై అర మూత ఊడింది. స్పాంజితో సహా గుడ్డు సగం బయటికొచ్చింది. భావన పరుగెత్తుతోంది, నేనూ పరుగెత్తుతున్నాను. అందదని తెలిసిపోతోంది.

కుర్చీలోంచి అత్తయ్యగారు లేచారు. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, ఒక్క అడుగు వేసి పారాచూట్‌ను కాలితో తొక్కిపట్టారు. సీసా గిర్రున తిరిగింది. గుడ్డు జారి గట్టు మీదికి దొర్లింది. ఆవిడ కుచ్చిళ్ళు వదిలేసి, వంగి, రెండు చేతులా పట్టుకున్నారు.

నేను నిలబడిపోయాను. మా ఆయనా నిలబడిపోయారు. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిలో గుడ్డును చూస్తాననుకోలేదు. పారేస్తారేమోనని భయపడ్డాను. పారేయలేదు. తీర్థం పట్టుకున్నట్టు దోసిట్లో పట్టుకుని, చేతులు ఒంటికి దూరంగా చాపి, గ్రౌండంతా దాటుకుంటూ నడిచారు. చప్పట్లు కొట్టిన పిల్లల ముందు ఆగారు.

"చూడండ్రా. బాగా చూడండి. ఎక్కడన్నా బీట ఉందా?" అని తెలుగులోనే గద్దించారు.

అందులో ఒక్కడికీ తెలుగు రాదు. అందరూ తలలు అడ్డంగా ఊపారు.

నూరైన్ టీచర్ గుడ్డును వెలుతురుకు పెట్టి చుట్టూ తిప్పి చూసి, పచ్చ జెండా ఎత్తారు. ఎన్నో స్థానం వచ్చిందో నేను సరిగ్గా వినలేదు. మొదటిది మాత్రం కాదు.

అత్తయ్యగారు చేతులు అలాగే చాపుకుని నిలబడ్డారు. "ఇంకా చూస్తావేమే, నీళ్ళు పొయ్యి" అన్నారు. రాకెట్ కోసం తెచ్చిన డబ్బాలో మిగిలిన నీళ్ళను భావన ఆవిడ చేతుల మీద పోసింది.

"అమ్మా, నా స్పాంజికి అది ఎలాగూ పగిలేది కా..." అని మొదలుపెట్టారు మా ఆయన. నేను చూసిన చూపుకు ఆగిపోయారు.

"కోపం వచ్చిందా నానమ్మా?" అంది భావన.

"నీ మీద కోపమేంటే పిచ్చిదానా. ఇంకాస్త పొయ్యి."

వెనక నుంచి ఎవరో పిలిచారు. "భావనా!" వాళ్ళ క్లాసు పిల్ల. కప్పను చూపిస్తావా అని అడగడానికి వచ్చినట్టుంది. "భావనా!" అని మళ్ళీ పిలిచింది. నా కూతురు తిరిగి చూడలేదు. నీళ్ళు పోస్తూనే ఉంది. ఉత్త భావన అంటే తనేనని దానికి తట్టలేదు.

అత్తయ్యగారు తడి చేత్తో దాని గడ్డం పట్టుకుని అటు తిప్పారు.

"నిన్నేనే, పిలుస్తున్నారు. వెళ్ళు" అన్నారు.