తాడు కోసిన అంచు

రామకోటేశ్వరరావు కొత్త రాయిని బూటుకాలితో తన్నాడు. రాయి కదల్లేదు, అతని బొటనవేలే కలుక్కుమంది. ఆ కోపం కూడా జహూర్ మీదికే వచ్చింది.

"ఇదేం అంచయ్యా! నిన్ను వంటింటి పీట చెక్కమన్నానా? మొన్నటిదేమో రంపప్పళ్లలా చేశావు, నిన్నటిది దిండులా గుండ్రం చేశావు. చూడగానే పాతకాలపు రాయిలా ఉండాలని చెప్పానా లేదా?"

వైశాఖం ఎండ నడినెత్తిన మాడ్చేస్తోంది. బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో, చెరకు పొలాల నడుమ మేడ లేచింది. మేడ ముందు తోట, తోటలో పూలమళ్లు, మళ్ల చుట్టూ రాతి అంచు. శుక్రవారం గృహప్రవేశం. హైదరాబాదు నుంచి పెద్దమనుషులు దిగుతారు. గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న ఆసామి రామకోటేశ్వరరావుకు చెరకు బాగా కలిసొచ్చింది. రాయి చెక్కే జహూర్‌కు రోజుకు నాలుగు రూపాయలు. పొలంలో ఆడకూలీకి పద్నాలుగు అణాలు. నయాపైసలొచ్చి అయిదేళ్లయినా వాళ్ల కూలి ఇంకా అణాల్లోనే పలికేది.

జహూర్ తాతల నాటి నుంచి బోధన్‌లో రాతిపని చేసే ఇంటివాడు. చేతిలో పని ఉంది, నోటికే అదుపు లేదు. తిట్లు తిని తిని ఒళ్లు మండి అనేశాడు:

"సాబ్, మీరడిగే అంచు శానంతోని రాదు. గా గుడిసెల కాడ శేదబాయి ఉన్నది గద, దాని గట్టు సూడుండ్రి. ఆడోళ్లు తాడు గుంజంగ గుంజంగ రాయి ఎన్న లెక్క అరిగింది. గసొంటి గాళ్లు నేను కొట్టాల్నంటె యాభై ఏండ్లు పడ్తది."

అని తన మాటకు తనే నవ్వుకున్నాడు. ఆసామి నవ్వలేదు.

"ఏ బావి?"

జహూర్ చేతిలో ఉన్న ఉలితో, ఆ శానంతోనే, అటు చూపించాడు. ఛీ, ఆ చెయ్యి అప్పుడే పడిపోయినా బాగుండేది!

సాయంత్రం రామకోటేశ్వరరావు గొడుగేసుకుని పోయి బావి చూసొచ్చాడు. గట్టు రాళ్ల అంచుల మీద వరసగా తాడు గాళ్లు, ఒక్కోదాంట్లో అరచెయ్యి ఇమిడిపోయేంత లోతుగా, నున్నగా. అతనికి తెగ నచ్చేశాయి. బావి ఉన్న చేను అతను కొన్నదే. కాగితాల ప్రకారం బావి అతనిది, గుడిసెల కింది నేల అతనిది. ఆ నీళ్లే తాగి బతికే కూలీల దాహానికి మాత్రం ఏ కాగితమూ లేదు.

తెల్లారగానే జహూర్‌ను పిలిచాడు. "ఆ రాళ్లు పగలకుండా ఊడదియ్యాలి. ఆ పని నీవల్లే అవుతుంది."

జహూర్ రెండు చేతులూ జోడించాడు. "సాబ్, నేనేదో మాటవరసకు అన్న. గట్టు తీస్తె దరి ఆగదు. అంత రేగడి మన్ను, పగుళ్లిచ్చి ఉన్నది. కూలి బాయిలనే పడ్తది."

"కొత్త రాళ్లు వేయిద్దాంలేవయ్యా."

"ఎప్పుడు సాబ్?"

"ముందు శుక్రవారం కానీ."

అది జరిగే పని కాదని జహూర్‌కు తెలుసు. అయినా నమ్మినట్టు తల ఊపాడు. ఇంట్లో భార్య సకీనాకు నెలలు నిండాయి, ఈ పని పోతే ఇంకో పని ఎక్కడుంది?

ఆ బావి నీళ్లు అతను రోజూ తాగేవాడు. మధ్యాహ్నం పూట గుడిసెల్లో ఉండే ముసలి రాములవ్వ చేద తోడి అతని దోసిట్లో పోసేది. "ఏం జహూరూ, ఇయ్యాలన్న నచ్చిందా నీ రాయి, మల్ల తిట్లేనా?" అని ఎక్కిరించేది. ఆ పొద్దున గడ్డపారతో వచ్చిన అతన్ని చూసి ముసలామె అలాగే నవ్వింది.

"గింత పొద్దుగాలనే దూపైందా బిడ్డా?"

వెనకాల ఆసామి మేస్త్రీ నర్సన్న, వాడి చేతిలో వెదురుకట్టె, ఇద్దరు జీతగాళ్లు, రామ్‌దాస్ తోలుతున్న ఎడ్లబండి కనిపించేసరికి ఆమె మొహంలో నవ్వు పోయింది.

"జరుగుండ్రి! దొర రాళ్లు తీస్కపోతున్నం," అన్నాడు నర్సన్న. వాడూ ఆ ఊరివాడే. ఆ బావి నీళ్లే తాగి పెరిగాడు.

"తీస్కపోతె మాకు నీళ్లెట్లరా?"

"గదంత నాకెర్క లేదు. నీ అయ్య కట్టిచ్చిండానే బాయి?"

"మా మామ తవ్విండు. నీ దొర గీ దిక్కు రాకముందే తవ్విండు."

ఒక పడుచుపిల్ల బిందె విసిరింది. అది నర్సన్న చెవి మీద ఖణేల్మని తగిలింది. వాడు ఆ పిల్ల జుట్టు దొరకబుచ్చుకుని నేలకేసి కొట్టాడు. ఆ పిల్ల నోట్లోంచి పన్నూ నెత్తురూ కలిసి వచ్చాయి. ఆడవాళ్లు గొల్లున అరుస్తూ మీదపడ్డారు. జీతగాళ్ల కట్టెలు లేచాయి. వీపులూ మోచేతులూ చూడకుండా బాదారు. బిందెలు సొట్టలు పడి దొర్లాయి, నీళ్లూ నెత్తురూ మట్టిలో కలిశాయి.

జహూర్ తల ఎత్తకుండా ఒక్కో రాయే లేపుతున్నాడు. ఆఖరి రాయి దగ్గరికి వచ్చేసరికి దాని మీద రాములవ్వ కూర్చుని ఉంది, రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకుని. అతను గడ్డపార రాయి కిందికి దించనైతే దించాడు గాని పైకి లేపలేదు.

"లెవ్వు అవ్వా. నీకు దండం పెడ్త."

"నువ్వు లేపు బిడ్డా. నేను సూస్త."

నర్సన్న వచ్చి ముసలామెను కొప్పు పట్టి వెనక్కి ఈడ్చాడు. ఆమె పడింది గాని అంచు వదల్లేదు. "లేపుర తురకోడా!" అంటూ వాడు ఎగిరి గడ్డపార మీద కాలేసి తొక్కాడు. రాయి లేచింది, గడ్డపార జారింది, రాయి ధబ్బున మళ్లీ పడింది. రాములవ్వ కుడిచెయ్యి దాని కింద ఉండిపోయింది.

ఆ కేకకు ఎడ్లు బెదిరి బండిని పక్కకు లాగేశాయి. చెయ్యి బయటికి తియ్యాలంటే జహూర్ మళ్లీ అదే గడ్డపార వెయ్యాల్సి వచ్చింది. మూడు వేళ్లు నుగ్గునుగ్గయ్యాయి. అతను ఆ చెయ్యి చూస్తూ నిలబడిపోతే, రాయి ఎలాగూ లేచింది కదా అని నర్సన్న దాన్ని బండి వైపు దొర్లించాడు. ఎంత దుర్మార్గం!

అంత జరిగాక కూడా జహూర్ బండి వెంట తోటకు పోయాడు. భయం మనిషిని అలాగే నడిపిస్తుంది. మధ్యాహ్నం దాకా గులాబీ మళ్ల చుట్టూ రాళ్లు పాతాడు. రామకోటేశ్వరరావు వరండాలోంచి దిగి వచ్చి, తల పక్కకు వంచి, మురిసిపోతూ చూశాడు.

"ఇదీ అంచంటే! ఆ చివరి రాయి గాళ్లు దారివైపు తిప్పి పెట్టు. అదేమిటా ఎరుపు? శుభ్రంగా కడుగు."

గాడిలో నెత్తురు ఎండి అట్టకట్టింది. దానికి ఒక తెల్ల వెంట్రుక అంటుకుని ఉంది. జహూర్ చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

అప్పుడే గేటు దగ్గర గోల. బావి దరి కూలింది, నీళ్లన్నీ బురదయ్యాయని ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చారు. అందరికంటే ముందు రాములవ్వ. చేతికి చుట్టిన పాతచీర ముక్క తడిసి చుక్కలు కారుతోంది.

"మా రాళ్లు మాకియ్యుండ్రి!"

"నర్సన్నా, గేటు వెయ్యి," అన్నాడు ఆసామి. జహూర్ వైపు తిరిగి, "నువ్వు చూస్తావేం? కడుగు," అన్నాడు.

"కడగ."

"ఏంటీ?"

"కడగ సాబ్. ఇంకో రాయి గూడ పాతిపెట్ట. తప్పు నాది. బాయి సూపెట్టింది నేను, పార ఏసింది నేను. రాళ్లు మల్ల నేనే బాయి మీద పెడ్త."

నర్సన్న కట్టె అతని భుజం మీద పడింది. రెండోది నెత్తిన పడింది. కళ్లల్లోకి నెత్తురు కారి లోకమంతా ఎర్రగా కనిపించింది. జహూర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు, తడుముకుంటూ గడ్డపార అందుకున్నాడు, తాను పాతిన మొదటి రాయి కిందికి దాన్ని దించాడు.

"కొట్టు నర్సన్నా, సంపు. పార మాత్రం ఇడువ."

మూడోసారి లేచిన కట్టె పైనే ఆగింది. నర్సన్న యజమాని మొహం కేసి చూశాడు. గేటు బయట ఆడవాళ్లు ఇనప చువ్వలు పట్టి ఊపుతున్నారు.

"చూస్తావేంరా, కొట్టు!" రామకోటేశ్వరరావు గొంతు చీరుకుపోయింది. "ఒరే రామ్‌దాస్, ఎడ్లను విప్పి బండి అవతల పెట్టు!"

రామ్‌దాస్ పొద్దున్నుంచి ఎడ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు పగ్గాలు పట్టుకుని బండిని వెనక్కి మళ్లించాడు. ఇనప కమ్మీల చక్రాలు కొత్త గులాబీ మొక్కల్ని పటపట విరుస్తూ మడి మధ్యలోంచి వచ్చి, రాళ్లెత్తడానికి అందేంత దగ్గరగా జహూర్ పక్కన ఆగాయి.