పురుటి దోసిలి

నేను ఒక సత్తు బేసిన్ని. అంచున రెండు సొట్టలు, అడుగున ఒక మాటు. ఇంతోటి దానికి ఆత్మకథ ఏమిటని మీరు నవ్వవచ్చు. మనుషులు ఎవరెంత పని చేస్తారో చాలాకాలం నా చేతే కొలిపించారు. అందుకని ఆ సంగతి నాకు కొంచెం తెలుసు.

రాజమండ్రిలో ఒక చిన్న కార్ఖానాలో, గిర్రున తిరిగే అచ్చుకు రేకును నొక్కి నన్ను తయారుచేశారు. నా మొదటి కొలువు సముద్రపొడ్డున రొయ్యలు ఒలిచే షెడ్డులో. ఐసు నీళ్లకు అక్కడి ఆడవాళ్ల వేళ్లు కొయ్యబారిపోయేవి. బేసిన్ నిండితే ఒక టోకెను ఇచ్చేవారు. పక్కమనిషి వైపు తల తిప్పితే ఒక రొయ్య తగ్గిపోతుందని అందరికీ భయం. నేను ఎన్నిసార్లు నిండానో అక్కడ అందరికీ తెలుసు. నన్ను నింపిన పిల్ల పేరు మాత్రం ఎవరికీ తెలియదు. చెరువులకు తెగులొచ్చి ఆ షెడ్డు మూతపడ్డాక, మిగతా సామానుతో పాటు నన్నూ అమ్మేశారు. అలా పలాస చేరాను.

ఇక్కడ నాకు జీడిపప్పు వాసన పట్టింది. పప్పు మీది ఎర్రటి పొరను చిన్న చాకుతో తీసే షెడ్డు ఇది. పాతికమంది ఆడవాళ్లు పీటలేసుకుని కూర్చునేవారు. సాయంత్రం ఎవరి బేసిన్ వాళ్లు కాటా దగ్గరకు పట్టుకెళ్లాలి. పద్ధతి రొయ్యల షెడ్డుదే. కాని ఇక్కడ చేతులతో పాటు నోళ్లూ ఆడేవి. అత్తల మీద ఫిర్యాదులూ, చేపల ధరలూ, కొత్త సినిమాలూ పప్పుతో పాటే నాలో రాలేవి.

నన్ను వాడుకునేది దమయంతి. ఆపరేషన్ కాన్పయిన మూడో నెలకే పనిలోకి వచ్చింది. భర్త కాలు విరిగి మంచాన ఉన్నాడు. ఇంటికి ఆమె కూలి ఒక్కటే ఆధారం. నడుం నొప్పికి కాసేపు కూర్చుంటే కాసేపు లేచి నిలబడాలి. అత్త బిడ్డను గేటు దగ్గరకు తెచ్చినప్పుడు పాలివ్వడానికి వెళ్లాలి. ఆమె అటు వెళ్లగానే నాలో మెత్తగా పప్పు పడేది. ఆ షెడ్డులో అదొక ఆచారం. కాన్పయి వచ్చిన మనిషి బేసిన్‌లో, బిడ్డ బోర్లాపడే దాకా, తలా ఒక దోసిలి పోస్తారు. దాన్ని పురుటి దోసిలి అంటారు. పోసిన మనిషి పోసినట్టు చెప్పకూడదు. పుచ్చుకున్న మనిషి చూసినట్టు ఉండకూడదు.

ఆ ఏడు ప్రత్యూష అనే అమ్మాయి వచ్చింది. జిల్లాలో ఏ పరిశ్రమలో మనిషి రోజుకు ఎంత పని తీస్తున్నాడో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. జనపనార మిల్లూ, గ్రానైట్ క్వారీ, మా యజమానివే ఇంకో రెండు జీడి షెడ్లూ చూసుకుని మా దగ్గరకు వచ్చింది. నెమ్మదైన పిల్ల. మేనేజరు కూర్మారావు ఇదే అదనుగా ఒక మాట చాటేశాడు. "ఈ తూకంలో అడుగునున్నోలు ఒచ్చే నెల నుంచి రానక్కర్లేదు."

ఆ మాటకు అందరి కళ్లూ దమయంతి మీదికే పోయాయి. ఆ రోజు ఆమె గేటు దగ్గరకు వెళ్లినప్పుడల్లా నేను పొంగి పొర్లినంత పనయింది. సాయంత్రం కాటా ముల్లు అందరినీ దాటిపోయింది.

"అందరికన్నా మీదే ఎక్కువండీ!" అంది ప్రత్యూష సంబరంగా. "రేపు మీ పక్కనే కూర్చుంటాను. మీ చేతి ఒడుపు చూసి రాసుకుంటే మిగతా షెడ్లలో కూడా నేర్పించొచ్చు."

దమయంతి ముఖం పాలిపోయింది. షెడ్డులో అందరికన్నా పెద్దదైన గున్నమ్మ నెత్తి కొట్టుకుంది. బయటికి నడుస్తూ పక్కదాన్ని గిల్లి, "ఒలే, నువ్వెన్ని పోసినావే?" అని అడిగింది.

"మూడు దోసిల్లప్పా. మీరెవులూ పొయ్యరేమో అనీసి."

"నానూ మూడే పోసినాన్రా నాయనా! అడుగుని పడకుండా సూద్దారంటే పల్లకీ ఎక్కించీసినాం గదే!"

మర్నాడు ప్రత్యూష నా పక్కనే పీట వేసుకుంది. ఒక్క దోసిలి కూడా ఇటు రాలేకపోయింది. సాయంత్రానికి నేను సగం కూడా నిండలేదు.

కాటా చూసి కూర్మారావు కళ్లెర్రజేశాడు. గున్నమ్మ ముందుకొచ్చింది. "దిష్టి బాబూ. ఈ తల్లి నిన్న నలుగుర్లో మెచ్చీసుకుంది గదా, దీని సెయ్యి పడిపోనాది."

అందరూ నవ్వారు. ప్రత్యూష కూడా నవ్వింది. దమయంతి నవ్వలేదు.

"దిష్టీ లేదు, ఏటీ లేదు మేడమ్. నిన్నటిది నానొక్కర్తినీ ఒలిసిన పప్పు కాదు. ఈలంతా తలా కొంత పోసినారు. ఈల తప్పు లేదు. తీసీవలిస్తే నన్ను తీసీండి."

"అయితే ఇన్నాళ్లూ నా కాటాని ఎర్రిదాన్ని సేసినారన్నమాట!" అని లేచాడు కూర్మారావు.

"పప్పు తగ్గిందేటి బాబూ? మా ఇళ్లకి ఎల్లిపోయిందేటి?" అంది గున్నమ్మ.

ప్రత్యూష తన కాగితాలు తిరగేసింది. "మీ మూడు షెడ్లలో దీనికే మొత్తం తూకం ఎక్కువ, విరిగిన పప్పు తక్కువ. ఎందుకని అడిగితే మీరూ చెప్పలేకపోయారు. మిగతా రెండు షెడ్లలో కాన్పుకి వెళ్లినవాళ్లు తిరిగొస్తారా?"

"ఎక్కడొస్తారు? మానేస్తారు. కొత్తోలని పెట్టుకుంటాం."

"కొత్తవాళ్లు విరగ్గొడతారు. ఇక్కడ చెయ్యి తిరిగినవాళ్లంతా ఇక్కడే ఉన్నారండీ. దీన్ని మనిషి మనిషికీ విడదీసి రాస్తే అబద్ధం అవుతుంది. నేను షెడ్డంతా కలిపి రాస్తాను. మీరూ అలాగే చూడండి."

కూర్మారావు గడ్డం గోక్కున్నాడు. "సర్లెండి. ఎవులి బేసిన్లో ఉంటే నాకేటి, పప్పు ఇరక్కుండా గుండుగా వొస్తే సాలు," అన్నాడు. అది జాలి కాదు, లాభం. అయినా దమయంతి పని నిలబడింది కదా, ఆ లాభానికి కూడా నేను దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు షెడ్డులోకి ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. దమయంతి కూర్మారావును అడిగి నన్ను ఇంటికి తెచ్చుకుంది. నాలో బియ్యం కడుగుతుంది. పొద్దున్నే పెరట్లో బోర్లించి ఆరబెడుతుంది. తీరుబడిగా ఉన్నప్పుడు పాత సంగతులు తలుచుకుంటాను. నీ జన్మలో ఎంత తూగావని ఎవరైనా అడిగితే నాకు చెప్పడం రాదు. పోసిన చేతులు మాత్రం గుర్తున్నాయి. గున్నమ్మ అరచేతులు గరుకు. చప్పుడు కాకుండా నా అడుగు దాకా దించి విప్పేది. ఇంకొకామెకు చాకు తెగిన వేలికి ఎప్పుడూ గుడ్డ చుట్టి ఉండేది. దోసిలి సరిగ్గా మూసుకోక కొన్ని పప్పులు నేల మీద రాలేవి. ఆమె వంగి ఒక్కొక్కటే ఏరి, ఉఫ్ అని దుమ్ము ఊది, తన బేసిన్ పక్కనే ఉన్నా, నాలోనే వేసేది.