రోడ్డవతల పడిన వాన

డార్విన్ నగరం బయటి మామిడి తోటల వాళ్లు ఎండకూ భయపడరు, వానకూ భయపడరు. వాళ్ల భయమంతా ఆ రెండింటి మధ్య వచ్చే ఉక్క నెలలంటేనే. అక్టోబరు వచ్చిందంటే ఆకాశం రోజూ నల్లబడుతుంది, ఉరుముతుంది, ఆశపెట్టి పోతుంది. మొగుడూ పెళ్లాలు ఉప్పు డబ్బా కోసం కూడా కొట్లాడుకుంటారు. ఊరంతా దాన్ని నవ్వులాటగానే చెప్పుకుంటుంది. మెర్విన్‌కు మాత్రం నవ్వు రాదు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. మిగతా ఏడాదంతా బాగానే ఉంటాడు. ఉక్క మొదలైతే ముందు నిద్ర పోతుంది, తర్వాత మాట పోతుంది, చివరికి బతకాలన్న కోరికే పోతుంది. మూడేళ్ల కిందట నవంబరులో తుపాకీ ఒళ్లో పెట్టుకుని వెనక మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆ పూట వాన కురిసింది కాబట్టి లేచాడు. ఈ సంగతి భార్య ఐలీన్‌కు కూడా చెప్పలేదు.

అప్పటి నుంచి ఏటా అక్టోబరు ఒకటిన తుపాకీ బీరువా తాళంచెవి తెచ్చి రోడ్డవతలి తోట మనోలిస్ చేతిలో పెడుతున్నాడు. వానకొలత గొట్టంలో అంగుళం నీళ్లు నిలిచేదాకా తిరిగి ఇవ్వకూడదని షరతు. ఎందుకురా అంటే, తోటలో దిగి మామిడికాయలు తినేసే అడవి బాతుల మీద కోపంతో పేల్చి సొంత నీళ్ల ట్యాంకుకే చిల్లు పెట్టుకున్నానని చెప్పాడు. ఆ కథ మనోలిస్‌కు ఎంత నచ్చిందంటే, క్లబ్బులో కొత్తవాడు కనబడితే చాలు, మొదలుపెట్టేవాడు.

ఈసారి కూతురి పురుటికని ఐలీన్ అడిలైడ్ వెళ్లింది. వారం నుంచి మెర్విన్ మనిషి ముఖం చూడలేదు. మధ్యాహ్నం మూడింటికి మనోలిస్ ట్రక్కు వాకిట్లోకి వచ్చింది. చొక్కా తడిసి ముద్దైంది, ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

"ఏరా, మొహం అలా వేలాడేశావేం? పడిందిరా! నా గొట్టంలో అంగుళం పైనే ఉంది. ఇదుగో నీ తాళంచెవి. ఈసారన్నా బాతుల్ని కొట్టు, ట్యాంకుని కాదు."

మెర్విన్ అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. తన వాకిట్లో ఒక్క చుక్క పడలేదు. ఇక్కడి తొలి వానలు అంతే, రోడ్డుకు అటు తడిపి ఇటు దుమ్మును దుమ్ముగానే వదిలేస్తాయి. చూడాల్సింది ఎవరి గొట్టమో ఇద్దరూ ఏనాడూ అనుకోలేదు.

ఇంకాసేపట్లో మనోలిస్ వెళ్లిపోతాడు. ఇల్లూ, బీరువా, తనూ మిగులుతారు. లోపల ఎవడో దొంగ దాక్కున్నట్టు మెర్విన్ వెనక్కి తిరిగి సొంత ఇంటికేసి చూశాడు. తాళంచెవి చేతిలో పడగానే మనసు కాస్త నెమ్మదించింది. అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది అందుకే.

"ఒక బీరన్నా పొయ్యవేంట్రా, పిసినారీ? సరే, వస్తా." మనోలిస్ ట్రక్కెక్కాడు.

ట్రక్కు కదిలింది. మెర్విన్ పరుగెత్తి ముందుకెళ్లి రెండు చేతులతో బానెట్ మీద చరిచాడు.

"పిచ్చి పట్టిందా? తొక్కించేసేవాణ్ణి!"

"ఇక్కడ పడలేదురా. నేల చూడు."

మనోలిస్ తల బయటపెట్టి చూసి నవ్వాడు. "అయితే ఏమైంది? ఒక రోజు ముందిస్తే బాతులు కేసు పెడతాయా?"

"బాతులు లేవు, ట్యాంకుకి చిల్లూ లేదు. ఆ రోజు నన్ను నేనే చంపుకోబోయాను. ఇప్పుడూ అలాగే ఉంది."

మనోలిస్ ఇంజను ఆపేశాడు.

"క్లబ్బంతా పగలబడి నవ్వేలా చెప్పానురా ఆ కథ," అన్నాడు. "నువ్వు పక్కనే కూర్చుని నవ్వావు."

"నవ్వకపోతే ఎందుకని అడుగుతారు కదా."

మనోలిస్ దిగి, మెర్విన్ పిడికిలి మెల్లగా విప్పి తాళంచెవి తీసుకున్నాడు.

"పద, మా ఇంటికి. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా."

"బట్టలు తెచ్చుకుంటా."

"నువ్వు లోపలికెళ్లకు. నేను తెస్తా." రెండడుగులు వేసి ఆగాడు. "ఐలీన్‌కి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

మెర్విన్ జేబులోంచి ఫోను తీశాడు. మూడుసార్లు తప్పు నొక్కాడు.

"వాన పడిందా మెర్వ్?" అవతల ఐలీన్ గొంతు హుషారుగా ఉంది, వెనక పసిబిడ్డ ఏడుస్తోంది.

"ఇంకా లేదు," అన్నాడు. "ఐలీన్, నాకు చాలా భయంగా ఉంది."