పుష్ప బూట్లలో ఇసుక

మా బజారులో నన్ను అనుమానపు మనిషి అంటారు. అననీయండి. నేను గొర్రెల బేరం చేసేవాణ్ణి. సంతలో పొట్టేలు నోరు తెరిచి పళ్లు చూసుకోకుండా డబ్బులిచ్చేవాణ్ణి ఎవరైనా తెలివైనవాడంటారా? పొట్టేలు పళ్లు చూస్తే జాగ్రత్తట, పెళ్లాం బూట్లు చూస్తే అనుమానమట. ఇదెక్కడి న్యాయమో అనేవాళ్లే చెప్పాలి.

బూట్లతోనే మొదలైంది. నా భార్య పుష్ప కల్వకుర్తిలో ఒక ప్రైవేటు బడి వ్యాను నడుపుతుంది. డ్రైవింగ్ నేర్పింది నేనే. నాలుగేళ్ల కింద నా చెయ్యి విరిగినప్పుడు, గొర్రెలు మోసే నా చిన్న ట్రాలీ బండి మీదే నేర్పాను. అప్పటి నుంచి చెప్పులతోనే బండి నడిపిన మనిషి, మొన్న ఎండాకాలం మొదట్లో చీలమండల దాకా వచ్చే బూట్లు కొనుక్కొచ్చింది. ఎందుకంటే, క్లచ్ మీద చెప్పు జారుతున్నదట. నాలుగేళ్లు జారని చెప్పు ఇప్పుడెందుకు జారుతుంది? ఆ మాట పైకి అనలేదు. అంటే జాగ్రత్త పడిపోతుంది.

తర్వాత ఆదివారం డ్యూటీలు మొదలయ్యాయి. బడికి ఆదివారం పనేమిటని అడిగితే, పరీక్షల కాలం అంది. రెండో ఆదివారం నేనే బడి దాకా పోయి చూశాను. గేటుకు తాళం వేసి ఉంది. వ్యాను లోపలే ఉంది. వాచ్‌మన్ బాలస్వామి అరుగు మీద పడుకుని ఉన్నాడు. మా ఆవిడకు డ్యూటీ ఉందట కదా అన్నాను. నాకే లేదు, ఆమెకెక్కడిదని అటు తిరిగి పడుకున్నాడు. ఇంటికి ఎట్లా వచ్చానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం ఆమె స్నానానికి పోగానే బూట్లు తెచ్చి పాత పేపరు మీద దులిపాను. ఇసుక పడింది. మా దిక్కు నేల ఎర్ర చెలక. తడిస్తే కాలికి అంటుకుంటుంది, ఎండితే పెళ్లలు కడుతుంది. ఇది అట్లాంటిది కాదు. పిడికిట పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఇల్లు కట్టినప్పుడు ఇసుక తోలించినవాణ్ణి, నాకు తెలియదా? అది కృష్ణ ఇసుక. కల్వకుర్తి బడికీ కృష్ణ ఒడ్డుకూ ఏమిటి సంబంధం?

వారం తిరగకముందే ఇంట్లో పార కనిపించలేదు. ట్రాలీలో ఉండే లావు తాడు కూడా లేదు. అడిగితే, బడిలో చెట్లు నాటుతున్నారట. నడి ఎండల్లో చెట్లు! అబద్ధమైనా అతికినట్టుండాలి కదా. పార, తాడు, ఏటి ఇసుక. ఈ మూడూ కలిపి చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? మొగవాడి కోసం పోయే ఆడది పార పట్టుకుని పోదని నాకూ తెలుసు. అయినా మనసు వింటుందా?

ఒక పొద్దున లేచేసరికి ఆమె నా ట్రాలీ పక్కన గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో పెన్నులాంటిదేదో పట్టుకుని టైరు మూతి దగ్గర పెట్టి చూస్తున్నది. నన్ను చూడగానే తేలు కుట్టిన దొంగలా లేచి నిలబడింది. గాలి తక్కువుందేమోనని చూస్తున్నానంది. తక్కువే ఉంది, సగానికి సగం! పంక్చర్ల షాపువాడి మీదికి పోయి నానా మాటలూ అని, టైర్లు రాయిలాగయ్యేదాకా కొట్టించాను. పాపం, వాడు ఏమీ అనకుండా కొట్టాడు.

ఫోన్లు కూడా ఇంటి వెనక్కి పోయి మాట్లాడేది. నేను అడుగు వేస్తే పెట్టేసేది. ఒకసారి మాత్రం ఒక ముక్క చెవిన పడింది. "సార్, ఈ ఆదివారం ఆఖరు గద. ఎట్లైన వస్త."

సార్! నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పొద్దూ, మంట కింద ఉన్నది భయమే. మా పిల్ల గురుకులంలో చదువుతుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పుష్ప నన్ను వదిలిపెట్టి పోతుందేమోనన్న భయం నన్ను తినేసింది. అన్నం సహించేది కాదు. ఎదురుగా కూర్చుని ఆమె తింటుంటే, ఇంత నిమ్మళంగా ఎట్లా తింటున్నదని ఇంకో అనుమానం.

ఆ ఆదివారం ఆమె కొల్లాపూర్ బస్సెక్కింది. నేను రుమాలు మొహానికి చుట్టుకుని ట్రాలీలో బస్సు వెనకే పోయాను. కొల్లాపూర్‌లో దిగి ఆటో ఎక్కింది. ఆటో ఏటి దిక్కు తిరిగింది. నేను కాస్త ఎడంగా పోయి, ఒడ్డు మీద చాయ్ అమ్మే గుడిసె చాటున బండి ఆపుకున్నాను.

ఎండాకాలం కదా, కృష్ణ నీళ్లు బాగా లోపలికి పోయాయి. నీళ్లు పోయిన చోట ఇసుక దిబ్బలు దిబ్బలుగా పడి ఉంది. ఆ ఇసుకలో నాలుగు జీపులు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదానికీ పొడుగాటి కర్ర, కర్రకు ఎర్రగుడ్డ. ముందు జీపు దగ్గర టోపీ పెట్టుకున్న ముసలాయన చేతులూపుతూ ఏదో చెబుతున్నాడు. మిగతా వాళ్లంతా ఆడవాళ్లే. పుష్ప కూర్చుని, ఆ పొద్దున చూసిన పెన్నులాంటిదే మూతికి పెట్టి టైర్లలో గాలి తీస్తున్నది.

చాయ్ పోస్తున్న బిక్షమ్మను ఇదేం తతంగమని అడిగాను. నేను అడగడమే తడవుగా ఆమె అంతా చెప్పింది. టోపీ ఆయన రఘుపతి సార్, మిలిటరీలో ఎడారిలో బండ్లు నడిపి వచ్చినవాడు. హైదరాబాద్‌లో ఎవరో టూర్ల కంపెనీ వాళ్లు ఆడవాళ్లను జైసల్మేర్ ఎడారికి తీసుకుపోతారట, వాళ్లకు ఆడ డ్రైవర్లే కావాలట. చలికాలం నాలుగు నెలలు కొలువు. టైర్లలో గాలి సగం తీసి దిగాలి, మెత్తటి ఇసుకలో బ్రేకు తొక్కొద్దు, దిబ్బ మీద అడ్డం తిప్పొద్దు, ఒకరి వెనక ఒకరు పోవాలి, వెనక బండి అద్దంలో కనబడకపోతే ముందు బండి ఆగాలి. ఇవన్నీ విని విని ఆమెకే కంఠతా వచ్చేశాయి. ఈ రోజే పరీక్ష.

"మొన్న ఆదివారం రూప అనే పిల్ల మొగడొచ్చి లొల్లి చేసిండు," అంది గ్లాసు అందిస్తూ. "సార్ గా పిల్లను గా గడియనే ఇంటికి తోలిచ్చిండు. ఇంటి లొల్లి మోసుకొచ్చినోళ్లు ఇసుకల ఎనకోళ్లను గూడ ముంచుతరన్నడు."

ముందు నా గుండెల మీది బండ దిగినట్టయింది. మొగవాడు లేడు, దొంగతనం లేదు. మరు క్షణమే ఇంకో బండ ఎక్కి కూర్చుంది. నాలుగు నెలలు! నాతో ఒక్క మాట లేదు! మొగవాడైతే చొక్కా గల్లా పట్టుకునేవాణ్ణి. ఎడారికి గల్లా ఎక్కడుంటుంది? కానీ బిక్షమ్మ నాకు తెలియకుండానే నా చేతికి కర్ర ఇచ్చింది. పోయి ఒక్క మాట అంటే చాలు. నేను ఈమె మొగుణ్ణి, నాకిష్టం లేదు. అంతే, ఆదివారాలూ బూట్లూ ఎడారీ అన్నీ ఒక్క దెబ్బకు ముగుస్తాయి.

జీపులు కదిలాయి. ఒక్కొక్కటే దిబ్బ ఎక్కి అవతలికి దిగుతున్నాయి. పుష్పది ఆఖరు బండి. నేను ట్రాలీని ఇసుకలోకి దింపాను. జీపుల చాళ్లలోనే పోతే ఏమవుతుందిలే అనుకున్నాను. కొంచెం దూరం పోగానే వెనక చక్రాలు ఉన్నచోటే తిరగసాగాయి. నేను ఎక్సలేటర్ తొక్కాను. ఎంత తొక్కితే అంత లోపలికి పోయింది. కిందికి దిగి చూస్తే ఇరుసు ఇసుకలో కూర్చుని ఉంది. అటు చూస్తే పుష్ప బండి ఎర్రగుడ్డ దిబ్బ అవతలికి దిగిపోయింది.

పోయిందనే అనుకున్నాను. అంతలో దిబ్బ మీద ఒక మనిషి కనబడింది. భుజాన పార, చేతిలో తాడు, కాళ్లకు బూట్లు. నా ఇంటి పారే. ఆమె వెనకాల రఘుపతి సార్ వస్తున్నాడు. పుష్ప దగ్గరికి వచ్చి నన్ను చూసింది. మొహంలో కొంచెమైనా ఆశ్చర్యం లేదు. చక్రం ముందు ఇసుక తీయడం మొదలుపెట్టింది.

"తెలిసినోళ్లా?" అన్నాడు సార్ రొప్పుతూ.

"కాదు సార్. ఎవరో."

గొంతు వణకలేదు, మాట తడబడలేదు. ఇంత సాఫీగా అబద్ధం ఆడే మనిషి నాతో ఇన్నేళ్లలో ఎన్ని ఆడిందో! సార్ నా దిక్కు తిరిగి, ఎవరి కోసం వచ్చావని అడిగాడు. గుడిసె దగ్గర సిద్ధం చేసుకున్న మాట నాలుక మీదే ఉంది. పుష్ప తల ఎత్తలేదు. నన్ను బతిమాలలేదు. కానీ పార పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. అది ఎండకు వచ్చిన వణుకు కాదు. సార్ అంటే భయమూ కాదు. నేనేమంటానోనని. నా నోటికి అంత భయపడే మనిషితో నేను పదకొండేళ్లు కాపురం చేశానా అనిపించింది.

"చేపల కోసం వచ్చిన సార్. దారి తెల్వక దిగిన," అన్నాను.

సార్ నన్ను ఎగాదిగా చూశాడు. ఇది పరీక్షలో లేదు గానీ వచ్చింది కాబట్టి నువ్వే బయటికి తియ్యి, నేను చూస్తానని పుష్పతో చెప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె నా టైర్లలో గాలి తీసింది. నేను కోపంతో కొట్టించిన గాలంతా బుస్సుమని పోయింది. చక్రాల ముందు ఇసుక చదును చేసింది, జీపు తెచ్చి తాడు కట్టింది. కట్టి, నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్నా, స్టీరింగ్ నేరుగ పట్టుండ్రి. నేను చెయ్యి ఎత్తినంక క్లచ్ మెల్లగ ఇడువుండ్రి."

అన్నా! కట్టుకున్న మొగుణ్ణి, ఒక బిడ్డకు తండ్రిని, నిండు పగలు కృష్ణ ఒడ్డున అన్నా అంది! కన్నూ మిన్నూ కానరానంత కోపం వచ్చింది. అయినా స్టీరింగ్ నేరుగానే పట్టుకున్నాను. ఆమె చెయ్యి ఎత్తింది. బండి ఒక ఊపు ఊగి మెల్లగా పైకి వచ్చింది. అంత సుళువుగా వస్తుందని నేను అనుకోలేదు.

మెత్తబడిన టైర్లతో కొల్లాపూర్ చేరి, గాలి కొట్టే షాపు దగ్గర ఆగాను. ఎంతసేపటికో పుష్ప ఆటోలో వచ్చి అక్కడే దిగింది. నేను అక్కడ ఉంటానని ఆమెకు తెలుసు. షాపతను టైర్ల దగ్గర కూర్చున్నాక నేను ఆగలేకపోయాను.

"తెల్వదంటివి, సరే. అన్నా అంటివి గద, నోరెట్ల వచ్చింది?"

"కొలువు కోసం వచ్చింది. మరి నువ్వు చేపలకొచ్చిన అంటివి గద. ఎవరి కోసమన్నవ్?"

నీ కోసమే అనడానికి రెండు మాటలు చాలు. వాటికి బదులు షాపతణ్ణి ఇంకా ఎంతసేపని అడిగాను. ఆమె రోడ్డు దిక్కు తిరిగి నిలబడింది. మూడు వారాల నుంచి నేను బూట్లు దులపడం, బడి దాకా పోవడం, ఇవాళ బస్సు వెనక రావడం అన్నీ తనకు తెలుసంది. ఇంట్లో చెప్పి ఉంటే ఇక్కడి దాకా రానిచ్చేవాడివా అని అడిగింది. రానిచ్చేవాణ్ణి కాదు.

అప్పుడే ఫోన్ మోగింది. పుష్ప విన్నది. మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే ఆరిపోయింది. పరీక్ష నెగ్గిందట. కానీ ఇంటాయనతో ఒక మాట మాట్లాడనిదే సార్ పేరు రాయడట. ఫోన్ నాకు అందించింది.

చేపల మనిషి గొంతు గుర్తుపడతాడేమోనని నేను దగ్గి, గొంతు బొంగురు చేసి, నమస్తే అన్నాను. నాలుగు నెలలు పంపడం ఇష్టమేనా అని అడిగాడు. ఇష్టమేనన్నాను. దూరం పోతుంది, తర్వాత వెనక ఒక మాట ముందు ఒక మాట ఉండొద్దు, ఆమె మీద నమ్మకమేనా అని అడిగాడు. పుష్ప నా నోటినే చూస్తున్నది.

"నమ్మకమే సార్. పంపుత."

ఫోన్ తిరిగి ఇచ్చాను. సంతోషపడుతుందనుకున్నాను, కన్నీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె నా కళ్లలోకి చూసింది. సంతలో పొట్టేలు నోరు తెరిచి చూసేటప్పుడు నేను చూసే చూపు అది.

"లోపల ఏమనుకుంటున్నవ్? నిజం చెప్పు."

ఏమీ లేదన్నాను. మా పిల్ల మీద ఒట్టు పెట్టాను. సరేనంది, ట్రాలీ ఎక్కి నా పక్కనే కూర్చుని ఇంటికి వచ్చింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ వద్దనలేదు. కానీ జైసల్మేర్ పోయే రోజు దాకా ఆమె లైసెన్సు, బట్టల పెట్టె, బూట్లు మా ఇంట్లో లేవు. నా చేతికి అందకుండా, బడి వ్యానులో ఆయాగా పనిచేసే జానమ్మ ఇంట్లో ఉన్నాయి.