భయానికి రెండు గోలీలు

మా చెల్లె కరుణ కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయాలంటే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి. మొదటి కత్తెర మేనమామే పెట్టాలి. కరుణకు తోడబుట్టినవాణ్ని నేనొక్కణ్నే. వాళ్లు సిరిసిల్లలో, నేను సూరత్‌లో. పదకొండో నెలలో తీద్దామనుకుంటే లాక్‌డౌన్ వచ్చింది. రెండో ఏడు పనికిరాదు, ఇక మూడో ఏడులో తీయాలి. అదీ ఈ వైశాఖంతో నిండిపోతుంది. ఈలోపు వాడి జుట్టు నడుం దాకా పెరిగింది. కరుణ రెండు జడలు వేసి బయటికి పంపితే వాడకట్టు వాళ్లు "పిల్ల ముద్దుగున్నది" అంటున్నారట.

"అన్నా, మాఘమాసం సోమవారం ఖాయం చేసినం. మళ్ల లాక్‌డౌన్ పెడ్తె ఇగ అంతే," అని ఫోన్ చేసింది. "నువ్వు రాకుంటె చిన్నమ్మ కొడుకు ఓంప్రకాషన్న ఒళ్లె కూసుండవెడ్తరట."

ఓంప్రకాష్ ఒళ్లో నేను కోడిపిల్లను కూడా కూర్చోబెట్టను.

మా కార్ఖానా సేఠ్ మూడు రోజులు సెలవిచ్చాడు. రైలు పోనూ రానూ రెండు రోజులు మింగేస్తుంది, అదీ టికెట్టు దొరికితే. ఇక విమానమే దిక్కు. టికెట్టు తీశాక తెలిసింది, నాకు విమానమంటే భయమని. సూరత్‌లోని ఉధ్నాలో నేను ఎనిమిది సాంచెలు నడుపుతాను. మరమగ్గాలను మేం సాంచెలంటాం. పోగు తెగితే కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. చెయ్యి దానంతటదే పోయి హ్యాండిల్ ఆపేస్తుంది. విమానంలో హ్యాండిల్ ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలియదు. వాడికి చెవులున్నాయో లేవో కూడా తెలియదు.

ఇక్కడి మా తెలుగువాళ్లందరూ చూపించుకునే డాక్టర్ దేవదాస్ దగ్గరికి పోయాను. కరోనా మూడో వేవు నడుస్తోంది. క్లినిక్ ముందు యాభై మంది, అందరికీ జ్వరమే. నా వంతు వచ్చేసరికి డాక్టర్ ప్లాస్టిక్ తెర వెనకాల తల వంచుకుని రాసుకుంటున్నాడు.

"జ్వరమా?"

"లేదు సార్."

"దగ్గు?"

"లేదు."

"వాసనొస్తున్నదా?"

"వస్తున్నది సార్. మీ సానిటైజర్‌ది."

"మరెందుకొచ్చినవయ్యా?"

"భయమైతున్నది సార్."

"అందరికీ అయితున్నది. మాస్క్ పెట్టుకో."

"గా భయం కాదు సార్. విమానం భయం."

డాక్టర్ తలెత్తాడు. వెనక వరసలో ఒకాయన దగ్గు ఆపుకుని మరీ విన్నాడు. ఇంత రోగాల మధ్య ఏ రోగం లేకుండా నిలబడినందుకు నాకు సిగ్గేసింది.

డాక్టర్ మంచివాడు, నవ్వలేదు. బీపీ చూశాడు. తాగుతావా, వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగాడు. చివరికి రెండు చిన్న తెల్ల గోలీలు రాశాడు.

"పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. ఎక్కే గంట ముందు వేసుకో. మూడోది అడగొద్దు, ఇయ్య."

మా పనిలో ఒక పద్ధతుంది. కొత్త నూలు వస్తే దాన్ని నమ్మి మొత్తం నెయ్యం. రెండు మీటర్లు సాంపిల్ నేసి, సాగదీసి, వెలుతురులో పట్టి చూస్తాం. ముప్పై ఏళ్లు మా నాన్న చేసిందీ, పదిహేనేళ్లుగా నేను చేస్తున్నదీ అదే. అందుకని శుక్రవారం పొద్దున షిఫ్టు ఎక్కే ముందు ఒక గోలీ సాంపిల్ చూశాను.

మాలు మంచిదే. ఐదో సాంచెలో పోగు తెగింది. తెగితే తెగిందిలే అనుకున్నాను. ఏడో దాంట్లో తెగింది. పాపం, ఇదీ తెగింది అనుకున్నాను. పన్నెండు మీటర్ల బట్ట గీతలు పడి బయటికొచ్చింది. సేఠ్ వచ్చి నోటికొచ్చినట్టు తిడుతుంటే, మీ మాస్క్ బాగుంది సేఠ్ అన్నాను. ఆయన సెలవు రద్దు చేయలేదు. వీడు కొన్నాళ్లు కంటికి కనబడకపోవడమే మేలనుకున్నట్టున్నాడు.

సాయంత్రం మళ్లీ క్లినిక్‌కు పోయాను.

"సాంపిల్ చూసిన సార్. పనిచేస్తున్నది. ఇంకొకటి ఇయ్యండ్రి."

"ఇది మందయ్యా, చీర కాదు. ఇయ్య అంటే ఇయ్య."

మిగిలింది ఒక్కటే. ఆదివారం విమానానికి సరిగ్గా గంట ముందు వేసుకున్నాను. తర్వాత విమానం ఐదు గంటలు ఆలస్యమని చెప్పారు. అంతసేపూ ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీకి నేను ఏమాత్రం భయపడలేదు. రమ్మని పిలిచేసరికి గోలీ దిగిపోయింది.

విమానం తలుపు దగ్గర ఆగిపోయాను. వెనక్కి పోదామనుకున్నాను, నిజం. అప్పుడు ఓంప్రకాష్ తొడ కళ్ల ముందు కనబడింది. ఎక్కాను.

నాకు నడిమి సీటు వచ్చింది. కరోనా అంటకుండా నడిమి వాళ్లకు తెల్ల గౌను తొడిగించేవారు ఆ రోజుల్లో. ఇంజన్లు మొదలవగానే ఎనిమిది సాంచెలు ఒక్కసారి ఆన్ చేసినట్టయింది. ప్రాణం కుదుటపడింది. పైకి పోయాక ఆ చప్పుడు తగ్గింది. సాంచెల దగ్గర చప్పుడు తగ్గిందంటే ఏదో తెగినట్టే. నా చెయ్యి దానంతటదే హ్యాండిల్ కోసం వెతుక్కుంది. పక్కన కూర్చున్న ముసలాయన చెయ్యి దొరికింది.

ఆయనకు రెండు మాస్కులున్నాయి. రెండేళ్లుగా ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోని కాలం. అయినా చెయ్యి లాక్కోలేదు.

"మొదటిసారా?" అన్నాడు హిందీలో.

తలూపాను. ఏం కాదులే అంటాడనుకున్నాను.

"నేను చాలాసార్లు ఎక్కిన. నాకు ఇప్పటికీ భయమే. గట్టిగా పట్టుకో," అన్నాడు.

హైదరాబాద్ దాకా పట్టుకున్నాను. దిగాక ఇద్దరం సానిటైజర్ రాసుకుని ఎవరి దారిన వాళ్లం పోయాం.

సోమవారం వేములవాడ గుడి దగ్గర మేనల్లుణ్ని ఒళ్లోకి తీసుకున్నాను. వాడి లెక్కలో మామ అంటే ఫోన్‌లో ఉండేవాడు. బయట ఉన్నవాడి మీద వాడికి నమ్మకం లేదు. నా చేతికి కత్తెర ఇవ్వగానే కట్టెలా బిగుసుకుపోయాడు. పక్కన గుండు గీసే ఆయన కత్తి నూరుతున్నాడు, అదీ చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఏం కాదు బిడ్డా, ఏం కాదు అని ఒకటే పాట. ఓంప్రకాష్ ముందుకొచ్చి, "ఇటియ్యిరా, నేను పట్టుకుంట," అన్నాడు.

ఇవ్వలేదు. పిల్లాడి చెవి దగ్గరికి వంగాను.

"భయమైతది బిడ్డా. నాగ్గూడ అయితది. గట్టిగ పట్టుకో."

వాడు నా మొహం చూశాడు. నా ఎడమచేతి బొటనవేలు పిడికిట్లో పట్టుకున్నాడు. కుడిచేత్తో మొదటి జడ కత్తిరించాను. వాడు ఏడ్చాడు, కానీ వేలు వదల్లేదు. కరుణ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మాస్క్ ఉంది కాబట్టి ఓంప్రకాష్‌కు తెలియలేదు.

మంగళవారం తిరుగు విమానానికి గోలీ లేదు. భయం పోయిందంటే అబద్ధం. పక్కన ఈసారి చెయ్యి పట్టుకోదగ్గ మనిషి కూడా లేడు. బొటనవేలి మీద అల్లుడి గోళ్ల గుర్తులు నాలుగు ఇంకా ఎర్రగా ఉన్నాయి. చప్పుడు తగ్గినప్పుడల్లా ఆ వేలినే పట్టుకున్నాను.